మొరం కింద ఏముంది: నది ఒడ్డు పాత ఫ్యాక్టరీ స్థలాల్లో ఇళ్లపై తిరుగుతున్న వాదనకు జవాబు

నది ఒడ్డున మూతపడిన ఫ్యాక్టరీ స్థలాలను ప్లాట్లు చేసి అమ్మేవారి తరఫున కొంతకాలంగా ఒక సందేశం ఫోన్ల మీద తిరుగుతోంది. ఊరి పేరు మారుతుంది, వెంచర్ పేరు మారుతుంది, లోపలి వాదన మాత్రం మారదు. ఫ్యాక్టరీ మూతపడి 20 ఏళ్లయింది కాబట్టి ఉన్న కాలుష్యమంతా వానలకు కొట్టుకుపోయిందట. పైన 3 అడుగుల మొరం పోశారు కాబట్టి ఏదైనా మిగిలినా పైకి రాదట. బోరు నీళ్లలో టీడీఎస్, అంటే కరిగిన లవణాల మోతాదు, 400 మాత్రమేనట. అనుమతులన్నీ ఉన్నాయి, బ్యాంకు లోను కూడా ఇస్తోందట. సిడ్నీ, లండన్ లాంటి నగరాల్లో ఇలాంటి చోట్లే ఖరీదైన ఇళ్లు కట్టారట. కాదనేవాళ్లు అభివృద్ధి అంటే గిట్టనివాళ్లట. దీన్ని నమ్మి కష్టార్జితాన్ని అడ్వాన్సుగా ఇస్తున్నవారు ఉన్నారు కనుక ఒక్కొక్క మాటనూ విడదీసి చూడవలసి ఉంది.

వానలకు కొట్టుకుపోయిందన్న మాటతో మొదలుపెడదాం. సీసం, కాడ్మియం, క్రోమియం, ఆర్సెనిక్ మూలకాలు. అవి ఆకుల్లా కుళ్లిపోయేవి కావు, పేడలా మట్టిలో కలిసిపోయేవీ కావు. వాన వాటిని కదిలించగలదు గాని లేకుండా చేయలేదు. కొట్టుకుపోవడమంటే ఫ్యాక్టరీ నేలలోంచి భూగర్భ జలంలోకి, అక్కడినుంచి పక్కవాడి బోరులోకి, చివరకు నదిలోకి చేరడమే తప్ప మరొకటి కాదు. చిత్తూరు జిల్లా సరిహద్దు దాటగానే వచ్చే తమిళనాడులోని రాణిపేటలో, పాలారు నదికి ఎంతో దూరం లేని చోట, క్రోమేట్ రసాయనాలు తయారుచేసిన ఒక ఫ్యాక్టరీ 1990ల మధ్యలో మూతపడింది. అది వదిలిపోయిన క్రోమియం వ్యర్థాల గుట్ట దాదాపు లక్షన్నర టన్నులు. క్రోమియంలో అతి ప్రమాదకరమైన రూపం నీటిలో సులభంగా కరుగుతుంది కనుక ప్రతి వానాకాలమూ ఆ గుట్టను కాస్త కడిగి కిందికి దింపుతూనే వచ్చింది. గేటుకు తాళం పడి ఎన్నేళ్లయిందన్న లెక్క ఆ నేలకు పట్టలేదు.

నది ఒడ్డు కావడం వల్ల ఇందులో మరో చిక్కు ఉంది. వరద కాలంలో నదిమట్టం పెరిగితే ఒడ్డు కింది నీరు కూడా పైకి పొంగి, వేసవిలో ఎండి ఉన్న పొరలను తడిపి, వరద తీశాక అక్కడున్నదాన్ని వెంటబెట్టుకుని దిగుతుంది. ఏడాదికోసారి జరిగే ఈ ఎగుడుదిగుడు వల్ల విషం ఒకచోట కుదురుగా ఉండదు. పైగా నది పక్కన వెలసిన పాత కర్మాగారాలు చాలాచోట్ల తమ పల్లపు నేలను ఎత్తు చేసుకున్నది తమ బూడిదతో, తమ బొగ్గు చిట్టెంతో, తమ వ్యర్థాలతోనే. అలాంటి చోట నేల మీద వ్యర్థం పడి ఉందని అనుకోకూడదు, ఆ నేలే వ్యర్థం.

ఇక మొరం సంగతి. సందేశంలో అందరికీ నచ్చే మాట ఇదే, ఎందుకంటే మొరం కంటికి కనిపిస్తుంది, కొత్తగా, ఎర్రగా, చదునుగా ఉంటుంది. నిరుడు వేసవిలో మా బావమరిది చూసిన ఒక వెంచర్‌కు నేనూ వెళ్లాను. ఒక మూల కాంపౌండ్ గోడ పునాది కోసం గుంత తీసి ఉంది. గుంత పక్కకు నిలబడి చూస్తే పొరలన్నీ తెలుస్తున్నాయి: పైన రెండడుగుల మొరం, దాని కింద జానెడు మందాన నల్లటి బూడిద, ఆ కింద పసుపుపచ్చ చారలతో జిగటగా ఉన్న మన్ను. ఆ మన్ను ఉండ ఒకటి తీసి నలిపితే చేతికి కిరసనాయిలు లాంటి వాసన అంటుకుని, రెండుసార్లు సబ్బుతో కడిగినా పోలేదు. మేస్త్రీని అడిగితే, “పాత మట్టి సార్, అట్లానే ఉంటది” అన్నాడు. పక్కనే నది పారుతున్నా సైట్ ఆఫీసులో తాగడానికి 20 లీటర్ల క్యాన్లు పెట్టారు. ఆ క్యాన్లు ఒక్కటే దేనికీ రుజువు కాదని ఒప్పుకుంటాను, అయినా గమనించాను.

ఇల్లు కట్టేవాడు ఏమేం తవ్వుతాడో ఒకసారి లెక్కవేసుకోండి. పునాది గుంతలు అయిదారు అడుగులు, సంపు ఏడెనిమిది అడుగులు, సెప్టిక్ ట్యాంకు ఇంకాస్త లోతు, బోరు వందల అడుగులు. 3 అడుగుల కప్పును మొదటి రోజే తూట్లు పొడిచేది ఆ ఇంటి యజమానే. తవ్విన మన్ను ఎక్కడికి పోతుంది? ముందు వాకిట్లోకి, తర్వాత జామచెట్టు పాదులోకి, పిల్లలు ఆడుకునే చోటికి.

కప్పు వేసి పైన బతకడం ఎలా ఉంటుందో అమెరికాలోని నయాగరా ఫాల్స్ నగరం ఏనాడో చూసింది. 1890లలో విలియం లవ్ అనే వ్యాపారి నయాగరా నది నీటితో విద్యుత్తు తీయాలని తవ్వించడం మొదలుపెట్టి, డబ్బు చాలక మధ్యలో వదిలేసిన కాలువ అక్కడ ఉండేది. దానికి లవ్ కెనాల్ అనే పేరే మిగిలింది. 1942 నుంచి 1953 దాకా హూకర్ కెమికల్ కంపెనీ దాదాపు 21,000 టన్నుల రసాయన వ్యర్థాలను అందులో పూడ్చి, పైన బంకమన్ను కప్పి, 1953లో ఆ స్థలాన్ని స్కూలు బోర్డుకు 1 డాలరుకు రాసిచ్చింది. అక్కడ బడి వెలిసింది, చుట్టూ ఇళ్లు లేచాయి, రోడ్లకూ డ్రైనేజీకీ చేసిన తవ్వకాలలో కప్పు చెదిరింది. 1970లలో వానలూ మంచూ ఎక్కువ పడినప్పుడు ఆ పూడ్చిన గొయ్యి తొట్టిలా నిండి, పొర్లి, రసాయనాలు ఇళ్ల నేలమాళిగల్లోకి ఊరాయి. 1978 ఆగస్టులో అత్యవసర పరిస్థితి ప్రకటించి, ముందు కాలువకు ఆనుకుని ఉన్న 200కు పైగా కుటుంబాలను తరలించారు. తమ పిల్లల జబ్బులకు కారణం అడుగుతూ బయలుదేరిన ఆ వీధుల తల్లిదండ్రుల పోరాటం అక్కడ 1980లో కలుషిత స్థలాల శుద్ధికి ఒక జాతీయ చట్టమే తెచ్చింది. ఇక్కడ గమనించవలసిన తేడా ఒకటుంది. ఆ కంపెనీ కప్పింది నీటిని తేలికగా దిగనివ్వని బంకమన్ను. మన వెంచర్లలో పోసేది వాన నీటిని పీల్చి నేరుగా కిందికి వదిలే మొరం. కప్పు అని పిలవడానికి కూడా అది తగదు.

కొన్ని రసాయనాలకు నీటితో కూడా పనిలేదు. లోహపు భాగాలకు అంటిన జిడ్డు వదిలించడానికి వాడే ట్రైక్లోరోఎథిలీన్ వంటి ద్రావకాలు నేలలో ఆవిరై, గచ్చు పగుళ్లగుండా గదిలోకి లేస్తాయి. తలుపులు బిగించి ఏసీ వేసుకున్న గదిలో ఆ ఆవిరి పోయే దారి ఉండదు.

టీడీఎస్ 400 అన్న మాట దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే చదువుకున్నవారిని ఎక్కువగా మోసం చేస్తున్నది ఈ అంకె. జేబులో పట్టే ఆ మీటరు నీటిలోంచి విద్యుత్తు ఎంత సులభంగా పారుతోందో కొలిచి, దాన్ని కరిగిన లవణాల అంచనాగా చూపిస్తుంది. నీళ్లు ఉప్పగా ఉన్నాయా, సున్నం ఎక్కువుందా అనేది తెలుసుకోవడానికి అది పనికొస్తుంది, అంతవరకే. మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరు నీటిలో టీడీఎస్ 500 మిల్లీగ్రాముల దాకా సమ్మతమే, కానీ క్రోమియం 0.05 మిల్లీగ్రాములు, సీసం 0.01 మిల్లీగ్రాములు మించకూడదు. క్రోమియం హద్దుకు పదింతలు, అంటే 0.5 మిల్లీగ్రాములు ఉన్నా మీటరు తెర మీద ఆ 400 అలాగే నిలబడి ఉంటుంది. లారీలు తూచే కాటా మీద ముక్కుపుడక తూచినట్లు ఉంటుంది ఈ పరీక్ష. ద్రావకాలూ కిరసనాయిలూ విద్యుత్తును పారనివ్వవు కాబట్టి ఆ మీటరు వాటిని అసలే పట్టించుకోదు. నీటికంటే బరువైన ద్రావకం అడుగుకు దిగిపోతుంది, తేలికైన నూనె పైన తేలుతుంది, కనుక ఏ లోతు నీటిని పట్టారన్నదాన్ని బట్టి ఫలితం మారుతుంది. ఒక బోరు, ఒక రోజు, ఒక సీసా నీళ్లు తీసుకుని ఆ స్థలమంతటికీ తీర్పు చెప్పలేము. వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి, వేర్వేరు చోట్ల నమూనాలు తీసి, భార లోహాలకూ ద్రావకాలకూ విడివిడిగా ల్యాబులో పరీక్షించాలి.

బోరు వద్దు, పైపు నీళ్లు వస్తాయంటారా? నెదర్లాండ్స్‌లో లెక్ నది పక్కనున్న లెక్కర్‌కెర్క్‌లో పైపు నీళ్లే వచ్చేవి. వ్యర్థాలతో పూడ్చిన నేలలో వేసిన ప్లాస్టిక్ పైపులను ఆ నేలలోని రసాయనాలే పాడుచేశాయి. 1980లో సుమారు 270 ఇళ్లు ఖాళీ చేయించి, నేల తవ్వి డ్రమ్ములు బయటికి తీయవలసి వచ్చింది.

అనుమతుల విషయం క్లుప్తంగానే చెప్పవచ్చు. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) చూపేది ఆ స్థలంపై జరిగిన రిజిస్ట్రేషన్లనూ తాకట్లనూ మాత్రమే. లింకు డాక్యుమెంట్లు చెప్పేది అది ఎవరినుంచి ఎవరికి వచ్చిందో. లేఅవుట్ మంజూరు చూసేది రోడ్ల వెడల్పు, పార్కు, డ్రైనేజీ. బ్యాంకు లాయరు హక్కులు చూస్తాడు, వాల్యుయేటర్ ధర చూస్తాడు. మట్టిని చూసినవాడు ఈ వరుసలో ఎవరూ లేరు. కట్టడం విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు దాటితే 2006 నాటి కేంద్ర నోటిఫికేషన్ కింద ముందస్తు పర్యావరణ అనుమతి కావాలి గాని, ఓపెన్ ప్లాట్లుగా అమ్మి ఎవరి ఇల్లు వారు కట్టుకునే చిన్న లేఅవుట్లు ఆ గడప దాకా రానే రావు. కాగితంలో రాసి ఉంటే సరిపోతుందనీ అనుకోలేం. లవ్ కెనాల్ దస్తావేజులో రసాయన వ్యర్థాలు పూడ్చిన సంగతి రాసే ఉంది, తర్వాత ఏం జరిగినా కంపెనీని అడగకూడదన్న షరతుతో సహా. చుట్టుపక్కల ఇళ్లు కొన్నవారి చేతికి ఆ కాగితం రాలేదు.

మన దగ్గర 2025 జూలైలో కేంద్ర ప్రభుత్వం కలుషిత స్థలాల నిర్వహణకు ప్రత్యేక నియమాలు తెచ్చింది. అనుమానం ఉన్న స్థలాల జాబితాను స్థానిక సంస్థ గాని జిల్లా యంత్రాంగం గాని ఆరు నెలలకోసారి తయారుచేయాలి, రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి గడువులోగా పరీక్షించాలి, శుద్ధి ఖర్చు కాలుష్యానికి కారకుడైనవాడే భరించాలి. నియమాలు మంచివే. అప్పటికి దేశంలో గుర్తించిన 103 స్థలాల్లో శుద్ధి పని మొదలైంది 7 చోట్ల మాత్రమేనన్న సంగతి కూడా దాని పక్కనే పెట్టి చదవాలి.

విదేశాల్లో కట్టలేదా అన్న ప్రశ్నకు జవాబు, కట్టారు, కానీ ఆ కథ సందేశంలో సగమే ఉంది. సిడ్నీలో పరమట్టా నది ఒడ్డున రోడ్స్ అనే చోట ఇప్పుడు వరుసగా అపార్ట్‌మెంట్లు, షాపింగ్ సెంటరు, నీటి వెంట నడక దారి ఉన్నాయి. తెలుగువారు ఎందరో స్థిరపడిన పశ్చిమ సిడ్నీ దిక్కునే ఉంది ఆ చోటు. ఒకప్పుడు అది యూనియన్ కార్బైడ్ కర్మాగారం. వియత్నాం యుద్ధంలో అమెరికా చల్లిన ఏజెంట్ ఆరెంజ్‌లో వాడిన 2,4,5-టి అనే కలుపుమందును అక్కడ తయారుచేశారు, దానితోపాటు పుట్టే డయాక్సిన్ అనే ఘోర విషం నేలలోకీ, పక్కనున్న హోమ్‌బుష్ బే బురదలోకీ చేరింది. ఇళ్లకు ముందు ఏం చేశారో చూడండి. మట్టిని తవ్వి తీసి, ప్రత్యేక యంత్రాల్లో వందల డిగ్రీల వేడికి గురిచేసి, అందులోని రసాయనాలను ఆవిరిగా వెళ్లగొట్టి పట్టుకున్నారు. నీటి అడుగున ఉన్న బురదలో కొంత భాగానికీ అదే పని చేశారు. దీనికి ఏళ్లు పట్టింది. సిడ్నీ హార్బర్‌లో 2006లో వాణిజ్యపరమైన చేపల వేటను ఆపేశారు, ఇంతా చేశాక కూడా హార్బర్ బ్రిడ్జికి పడమటి వైపు పట్టిన చేపలు తినవద్దన్న ప్రభుత్వ సలహా ఈనాటికీ ఉంది. నది ఒడ్డు శుభ్రపడింది, నది ఇంకా శుభ్రపడలేదు.

అదే కంపెనీ పేరు మన దేశంలో ఎక్కడ వినిపిస్తుందో చెప్పనవసరం లేదు. భోపాల్ ఫ్యాక్టరీ 1984 డిసెంబరు తర్వాత తిరిగి నడవలేదు. నేల మీద మిగిలిన వ్యర్థాల్లో 337 టన్నులను అక్కడినుంచి పీథంపూర్‌కు తరలించింది 2025 జనవరిలో, కాల్చివేత ముగిసింది ఆ ఏడాది మధ్యలో. ఈ రెంటి నడుమ కాలంలో చుట్టుపక్కల బస్తీల బోర్లలో విషం దొరుకుతూనే ఉంది. వాళ్లకు మంచినీళ్లు పైపుల ద్వారా ఇవ్వాలని 2004లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. రోడ్స్‌ను చూపి ప్లాట్లు అమ్మేవారు తమ స్థలం ఈ రెండింటిలో దేనికి దగ్గరగా ఉందో కూడా చెప్పాలి.

చివరిది, అభివృద్ధి అంటే గిట్టనివాళ్లన్న నింద. ఈ సందేశంలో నిజమున్న మాట ఒక్కటి ఉంటే అది దీని వెనకే ఉంది: మూడు పంటలు పండే పొలాన్ని ప్లాట్లు చేయడంకంటే పాడుబడిన ఫ్యాక్టరీ స్థలంలో ఇళ్లు కట్టడం ఎన్నో రెట్లు మేలు. రోడ్డు, కరెంటు, ఊరు అన్నీ అక్కడ ముందే ఉంటాయి. నా అభ్యంతరం కట్టడం మీద కాదు, వరుస తప్పడం మీద. పరీక్ష, శుద్ధి, మళ్లీ పరీక్ష, ఆ తర్వాత అమ్మకం జరగాలి. ఇక్కడ అమ్మకమే మొదట జరుగుతోంది, మిగిలిన మూడూ కొన్నవాడి ఆరోగ్యం మీద జరుగుతున్నాయి.

మా బావమరిది ఆ వెంచర్ వారిని మూడు సంగతులు రాతపూర్వకంగా అడిగాడు: అక్కడ ఏ సరుకు, ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం వరకు తయారైంది, మొరం పోయకముందు మట్టిని ఏ లోతు దాకా, ఏయే రసాయనాలకు పరీక్షించారు, ఆ ల్యాబు రిపోర్టు నకలు ఎక్కడ. పది రోజుల తర్వాత ఫోన్ వచ్చింది. గజానికి 1,500 రూపాయలు తగ్గిస్తామన్నారు. రిపోర్టు సంగతి మళ్లీ అడిగితే, ఆదివారం సైటుకు రండి, భోజనం అక్కడే అన్నారు.