వేటాడే మిడ్జ్‌లు: ఆయుధాలను చూసి వంశం చెప్పగలమా?

ఒంటి మీద దద్దురు తేలితే గానీ ఇంత చిన్న పురుగు ఉన్నట్టే మనకు తెలియదు కాబట్టి, సెరటోపోగోనిడే కుటుంబం మొత్తానికీ ‘బైటింగ్ మిడ్జ్’లన్న (కరిచే నుసుములన్న) పేరు స్థిరపడిపోయింది. సాధారణంగా నాలుగైదు మిల్లీమీటర్లు దాటని ఈ నుసుముల్లో ఇప్పటివరకు 6,000కు పైగా జాతులను వర్ణించారు. వెన్నెముక గల జంతువుల రక్తం తాగేవి మాత్రం క్యూలికాయిడిస్, లెప్టోకోనాప్స్, ఆస్ట్రోకోనాప్స్, ఫోర్సిపోమియా అనే నాలుగు ప్రజాతుల్లోనే (దగ్గరి జాతుల సమూహాల్లోనే) ఉన్నాయి. ఫోర్సిపోమియాలోనూ అన్నీ తాగవు. గొర్రెలకు నీలి నాలుక వ్యాధిని చేరవేసేది క్యూలికాయిడిస్ కావడంతో పరిశోధనలో సింహభాగం దానికే దక్కింది. తోటి కీటకాలను వేటాడి బతికే బెజియా, పాల్పోమియా, ప్రోబెజియా వంటివి నిపుణుల పట్టికలు దాటి బయటికి రాలేదు.

వాటి వేట చూడదగ్గది. నీటి ఒడ్డున కైరనామిడ్‌లనే కరవని నుసుముల్లోని మగ పురుగులు ఆడవాటి కోసం గుంపు కట్టి గాలిలో ఎగురుతుంటే, ఆ గుంపులోకి ఆడ మిడ్జ్ చొరబడి, ఒకదాన్ని కాళ్లతో ఒడిసిపట్టి, తుండం గుచ్చి లాలాజలం ఎక్కిస్తుంది. అందులోని ఎంజైములు లోపలి కండరాలను కరిగించాక ఆ ద్రవాన్ని పీల్చి, డొల్లను వదిలేస్తుంది. కొన్ని జాతుల్లో జతకట్టిన మగదానికీ ఇదే గతి పడుతుంది: ఆడది దాని తలలో తుండం దించి తాగేస్తుంది, ఊడిపోయిన జననాంగాలు మాత్రం ఆడదాని పొట్ట చివర అతుక్కుని మిగులుతాయి. జతకట్టిన మగదాని శరీరమే ఆహారమవుతోంది కనుక దీన్ని క్రూరత్వం అనడం కంటే పొదుపు అనడం సబబేమో.

వర్గీకరణలో చిక్కు ఈ వేట దగ్గరే మొదలవుతుంది. పాల్పోమియా తొడల మీది ముళ్లు, సెరోమియాలో ఉబ్బిన వెనుక తొడ, వేటాడే ఆడవాటి హనువులకు (దవడలకు) ఉండే మొరటు పళ్లు గుర్తింపుకు అక్కరకొచ్చే మాట నిజమే. అయితే ఒకే పనికి వాడే అవయవాలు వేర్వేరు వంశాల్లో విడివిడిగానే ఒకే రూపు దాల్చవచ్చు. పైగా వేటాడని మగవాటిలో ఆ ఆయుధాలు చాలావరకు కనిపించవు. రెక్క మీద ఒకే రేడియల్ గది (ఈనెల మధ్య మూసుకున్న ఖాళీ) ఉంటే బెజియా, రెండుంటే పాల్పోమియా అనే పాత సూత్రం పురుగు పేరు తేల్చడానికి సులువైనదే గానీ, ఒక ఈనె చెరిగిపోయినంత మాత్రాన వంశం వేరైందనుకోవడం తొందరపాటు. తిండిని బట్టి గీసే గీత కూడా నిలవదు: రక్తం తాగే క్యూలికాయిడిస్, పురుగులను వేటాడే బెజియా రెండూ సెరటోపోగోనినే అనే ఒకే ఉపకుటుంబానికి చెందుతాయి.

అందుకే, వలలో పడిన ఒంటరి ఆడ పురుగును చూసి కొత్త జాతిని ప్రకటించడం నా దృష్టిలో సగం పనే. పాములా మెలికలు తిరుగుతూ నీటిలో ఈదే లార్వాను తెచ్చి, చిన్న సీసాలో విడిగా పెంచితే, అది విడిచిన లార్వా చర్మం, ప్యూపా తొడుగు, అందులోంచి బయటికొచ్చిన పురుగు మూడూ ఒకే ప్రాణివని సందేహం లేకుండా పక్కపక్కనే స్లైడుకు ఎక్కించవచ్చు.