మాయ దాటి వచ్చిన విషం

జపాన్‌లో బిడ్డ పుట్టినప్పుడు బొడ్డుతాడు ముక్కను ఎండబెట్టి, చిన్న చెక్కపెట్టెలో ఏళ్ల తరబడి దాచుకునే అలవాటు ఉంది. మినమాట సముద్రతీరంలోని ఇళ్లలో అలా దాచిన తాళ్లను పరిశోధకులు సేకరించి 1970ల్లో పరీక్షించారు. వాటిలో మిథైల్ పాదరసం అనే విషం బయటపడింది. పాదరసం ఉన్న వ్యర్థాలను సముద్రంలోకి వదిలిన అక్కడి చిస్సో కంపెనీ కర్మాగారంలో ఎసిటాల్డిహైడ్ అనే రసాయనం ఉత్పత్తి పెరిగిన కాలంలో పుట్టిన పిల్లల తాళ్లలో పాదరసమూ పెరిగింది. కంపెనీ ఉత్పత్తి లెక్కలకు బొడ్డుతాళ్లు సాక్షి సంతకం పెట్టినట్టయింది.

అంతకు చాలా ముందే, 1956లో, మినమాట వ్యాధి అధికారికంగా వెలుగులోకి వచ్చింది. చేపలు తిన్న పెద్దవాళ్లు నడవలేక తూలిపోవడం, మాట తడబడటం, చూపు కుంచించుకుపోవడం వైద్యులు చూశారు. ఒక్క చేప ముక్క కూడా తినని పసిపిల్లలు మెడ నిలపలేకపోవడం మాత్రం వాళ్లకు అంతుపట్టలేదు. ఆ తల్లుల్లో చాలామంది పైకి బాగానే ఉన్నారు. తల్లి బాగుంటే బిడ్డ బాగుంటుందని, విషాన్ని మాయ ఆపేస్తుందని అప్పటి వైద్యం నమ్మేది. అందుకే ఆ పిల్లలది సెరిబ్రల్ పాల్సీ అని రాసేశారు. కడుపులో ఉండగానే వాళ్లకు పాదరసం సోకిందని ఒప్పుకోవడానికి 1962 దాకా పట్టింది. ఇంచుమించు అదే కాలంలో గర్భిణులు వేసుకున్న థాలిడోమైడ్ మాత్ర అదే నమ్మకాన్ని ఇంకా ఘోరంగా బద్దలు కొట్టింది. 1961 చివర్లో దాన్ని మార్కెట్ నుంచి తీసేయడం మొదలుపెట్టారు. కానీ అది మిగిల్చిన లెక్క పదివేల మందికి పైగా పిల్లలు, చాలామంది కాళ్లూ చేతులూ సరిగా ఎదగకుండా పుట్టినవాళ్లు. తెలుగులో మాయ అంటే రెండర్థాలు. కడుపులో బిడ్డకు తిండి అందించేదీ మాయే, లేనిదాన్ని ఉన్నట్టు నమ్మించేదీ మాయే. మాయ ఒక కోటగోడ అన్న నమ్మకం ఆ రెండో రకం.

ఇప్పుడు ఇదంతా గుర్తు చేయడానికి కారణం ఉంది. 2004 ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో అమెరికా ఆసుపత్రుల్లో పుట్టిన 10 మంది పిల్లల బొడ్డుతాడు రక్తాన్ని ఎన్విరాన్‌మెంటల్ వర్కింగ్ గ్రూప్ అనే సంస్థ 413 రసాయనాల కోసం పరీక్ష చేయించింది. 287 దొరికాయి. ఒక్కో బిడ్డలో సగటున 200. ఇంకా ఊపిరి కూడా పీల్చని పిల్లల నెత్తుటిలో పాదరసం, పురుగుమందులు, మంటలు అంటుకోకుండా సోఫాలకూ టీవీలకూ కలిపిన రసాయనాలు, మరకలు పట్టని బట్టలకూ అంటుకోని పెనాలకూ వాడిన పీఫాస్, బొగ్గూ పెట్రోలూ చెత్తా కాలినప్పుడు పుట్టే కాలుష్యాలు ఉన్నాయి. ఆ జాబితాలో మమ్మల్ని ఎక్కువసేపు ఆపినవి కొత్త పేర్లు కాదు, పాతవి. పురుగుమందు డీడీటీని అమెరికా 1972లోనే నిషేధించింది. ట్రాన్స్‌ఫార్మర్లలో నింపిన పీసీబీ అనే రసాయనాల తయారీని అక్కడ 1979లో నిషేధించారు. ఆ తల్లుల్లో కొందరు అప్పటికి ఇంకా పుట్టి ఉండకపోవచ్చు. అయినా ఆ రెండూ 2004లో బొడ్డూడని పిల్లల ఒంట్లో కనిపించాయి. ఆడపిల్లకు జీవితకాలానికి సరిపడా అండాలు ఆమె తల్లి గర్భంలో ఉండగానే తయారవుతాయని గుర్తుంచుకుంటే, ఒక గర్భిణి పీల్చేది, తాగేది ఎన్ని తరాల దాకా వెళ్తుందో ఊహించుకోవచ్చు.

పదిమంది పిల్లలతో ప్రపంచం గురించి మాట్లాడతారా అని అడిగేవాళ్లున్నారు. అడగాల్సిన ప్రశ్నే. పరీక్ష చేయించింది కూడా ఉద్యమాలు నడిపే సంస్థ. అయితే అమెరికా ప్రభుత్వమే దేశమంతటి నుంచి సేకరించిన నమూనాల్లో 268 మంది గర్భిణుల వివరాలను వేరే పరిశోధకులు విశ్లేషించి 2011లో ప్రచురించారు. పీసీబీలు, పీఫాస్, ప్లాస్టిక్‌ను మెత్తబరిచే థాలేట్లు, మంటల్ని ఆపే బ్రోమిన్ రసాయనాలు, ఇలా అనేక రకాలు 99 నుంచి 100 శాతం మందిలో దొరికాయి. అంతకు ఏడాది ముందు అమెరికా అధ్యక్షుడికి నివేదిక ఇచ్చే క్యాన్సర్ ప్యానెల్, పిల్లలు కాలుష్యంతోనే పుడుతున్నారనే మాటను అధికారిక పత్రంలో రాసింది. పదిమంది అన్న అభ్యంతరానికి అక్కడితో కాలం చెల్లింది.

రెండో అభ్యంతరం గట్టిది. దొరికినంత మాత్రాన జబ్బు వచ్చినట్టా? కాదు. నేటి యంత్రాలు వంద కోట్ల వంతుల్లో ఒక వంతునూ పట్టేస్తాయి. కాలంతో పోలిస్తే అది 32 ఏళ్లలో ఒక్క సెకను. అంత సున్నితంగా వెతికితే ఏదో ఒకటి దొరకని ఒళ్లు ఉండదు. దొరికిన వాటిలో కొన్ని ఏ హానీ చేయకపోవచ్చు కూడా. విషమా కాదా అన్నది మోతాదును బట్టే అని 16వ శతాబ్దంలో పారాసెల్సస్ చెప్పిన మాటను పరిశ్రమ ప్రతినిధులు ప్రతి సమావేశంలోనూ గుర్తు చేస్తారు. ఆ మాట తప్పని మేము అనం. కానీ మోతాదు ఒక్కటే లెక్క కాదు, ఎప్పుడు అన్నదీ లెక్కే. మన ఒంట్లో హార్మోన్లు పనిచేసేది ఇంత చిన్న కొలతల్లోనే. ఈస్ట్రోజన్ అయితే ఇంకా తక్కువలో. గర్భం తొలి నెలల్లో బిడ్డ మెదడు ఎదుగుదల తల్లి నుంచి వచ్చే థైరాయిడ్ హార్మోన్ మీదే ఆధారపడుతుంది. పీసీబీలు, బ్రోమిన్ రసాయనాలు కొన్ని అచ్చం ఆ హార్మోన్ పోలికతో ఉంటాయి. పెద్దవాళ్ల మెదడును కాపలా కాసే రక్షణ పొర కడుపులోని బిడ్డలో ఇంకా సరిగా కుదురుకోదు. పెద్దవాళ్లను చూసి గీసిన సురక్షిత రేఖ ఆ బిడ్డకు కొలత కాదు.

దీనికి ఆధారం ఊహల్లో లేదు, ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవుల్లో ఉంది. 1986, 87ల్లో అక్కడ పుట్టిన సుమారు వెయ్యి మంది పిల్లల బొడ్డుతాడు రక్తంలో పాదరసాన్ని ఫిలిప్ గ్రాండ్‌జీన్, పాల్ వైహె బృందం కొలిచి పెట్టుకుంది. ఆ తల్లులు తిన్నది పైలట్ తిమింగలం మాంసం. మినమాటలో లాగా ఎవరూ తూలిపోలేదు, పుట్టిన పిల్లలూ పైకి మామూలుగానే ఉన్నారు. ఏడేళ్ల వయసులో పరీక్షిస్తే, పుట్టినప్పుడు పాదరసం ఎక్కువగా ఉన్న పిల్లలు భాషలో, జ్ఞాపకశక్తిలో, ఏకాగ్రతలో వెనకబడ్డారు. ఒక్కో బిడ్డను చూస్తే ఎవరూ పట్టలేని తేడా అది. వెయ్యి మందిని వరుసలో నిలబెడితేనే తెలుస్తుంది. సీషెల్స్ దీవుల్లో జరిగిన ఇలాంటి అధ్యయనంలో మాత్రం ఆ హాని కనిపించలేదు. చేపల్లోని పోషకాలు కొంత కాచి ఉండొచ్చన్నది ఒక వివరణ. ఆ ఫలితాన్ని దాచిపెట్టి మాట్లాడటం నిజాయితీ కాదు. అయినా రెండింటినీ పక్కన పెట్టుకుని చూసిన అమెరికా శాస్త్రవేత్తల సంఘం 2000లో ఫారో లెక్కనే ప్రమాణానికి ఆధారంగా తీసుకోమంది. 2008లో ఫారో దీవుల ప్రధాన వైద్యాధికారులే తిమింగలం మాంసం ఇక మనుషుల తిండికి పనికిరాదని ప్రకటించారు. ఇంకో సంగతి కూడా చెప్పాలి. బొడ్డుతాడు రక్తంలో మిథైల్ పాదరసం తల్లి రక్తంలో కన్నా సగటున 70 శాతం ఎక్కువగా ఉంటుంది. మాయ దాన్ని ఆపకపోగా బిడ్డ వైపు పోగేస్తోంది.

ఇక్కడికి వచ్చేసరికి చర్చ సాధారణంగా ఒక తప్పు మలుపు తిరుగుతుంది. గర్భిణులకు సలహాల చిట్టా మొదలవుతుంది. ఆ డబ్బా వాడకు, ఈ క్రీము రాసుకోకు, ఆ పెనం పారేయి. అసలే టెన్షన్‌లో ఉన్న మనిషి నెత్తిన ఇంకో మూట. సలహాలన్నీ పనికిరానివని కాదు. పాదరసం ఎక్కువగా ఉండే షార్క్, కత్తిచేప వంటి పెద్ద చేపలు మానేసి చిన్న చేపలు తినమనడం మంచి సలహా. తల్లిపాలలోనూ ఈ రసాయనాలు కనిపిస్తాయి కదా అని పాలివ్వడం మానొద్దు. మొదటి ఆరు నెలలు తల్లిపాలే పట్టమని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, ఆ మాటలో మార్పు లేదు. కానీ పీల్చే గాలిని, కుళాయి నీటిని, ఇంట్లో దుమ్మును ఏ తల్లి ఎంచుకుంటుంది? పీఫాస్ కుటుంబంలోని పీఎఫ్‌వోఎస్ ఒంట్లో సగానికి తగ్గడానికే దాదాపు ఐదేళ్లు పడుతుంది. గర్భం నిలిచిన రోజు నుంచి జాగ్రత్తగా ఉన్నా, అంతకు ముందు పదేళ్లలో చేరింది బిడ్డకు చేరుతూనే ఉంటుంది. డబ్బా మీద ఏముందో రాయని కంపెనీని వదిలేసి, చదవలేదని తల్లిని నిలదీయడం ఏం న్యాయం?

నిలదీయాల్సింది చట్టాన్ని. అమెరికా 1976లో రసాయనాల చట్టం చేసినప్పుడు అప్పటికే మార్కెట్లో ఉన్న సుమారు 62 వేల రసాయనాలను ఏ పరీక్షా అడగకుండా లోపలికి రానిచ్చింది. ప్రమాదం ఉందని ప్రభుత్వమే నిరూపించాల్సి వచ్చేది, నిరూపించడానికి కావలసిన సమాచారం మాత్రం కంపెనీ దగ్గర ఉండేది. ఆస్బెస్టాస్ ప్రాణాలు తీస్తుందని లోకమంతా ఎరుగు. అలాంటి దానిపై 1989లో పెట్టిన నిషేధాన్నే 1991లో కోర్టు చాలావరకు కొట్టేసిందంటే ఆ చట్టం బలమెంతో అర్థమవుతుంది. సవరణకు 2016 దాకా పట్టింది. ఐరోపా యూనియన్ 2007లో తెచ్చిన రీచ్ నిబంధనలు బరువును అవతలి భుజానికి మార్చాయి. సమాచారం ఇవ్వకపోతే అమ్మకం లేదు. లోపాలున్నా దిశ సరైనది. ప్రపంచవ్యాప్తంగా తయారీకి, వాడకానికి నమోదైన రసాయనాలు, మిశ్రమాలు కలిపి మూడున్నర లక్షలకు పైమాటేనని 2020లో లెక్క తేలింది. ఇన్నింటినీ ఒక్కొక్కటిగా ప్రభుత్వమే పరీక్షించి దోషం నిరూపించాలంటే శతాబ్దాలు చాలవు. మౌనం ఎంత లాభసాటో మినమాటే చెప్పింది. కర్మాగారం వ్యర్థాలు కలిపిన తిండి తిన్న పిల్లికి అదే జబ్బు వచ్చిందని 1959లోనే కంపెనీ ఆసుపత్రి వైద్యుడు కనిపెట్టాడు. కంపెనీ ఆ ఫలితాన్ని తొక్కిపెట్టింది. వ్యర్థాలు 1968 దాకా సముద్రంలోకి పారాయి.

మూలంలో ఆపితే ఏం జరుగుతుందో తెలియనిదేమీ కాదు. ఇళ్లలో పురుగులకు కొట్టే క్లోర్‌పైరిఫాస్‌ను అమెరికా 2001లో ఆపేసింది. న్యూయార్క్‌లో కొలంబియా విశ్వవిద్యాలయం పరిశోధకులు బొడ్డుతాడు రక్తం పరీక్షిస్తూనే ఉన్నారు, మందు మోతాదు చప్పున పడిపోయింది. స్వీడన్‌లో తల్లిపాలలో బ్రోమిన్ రసాయనాలు 1972 నుంచి 1997 వరకు దాదాపు ఐదేళ్లకోసారి రెట్టింపయ్యాయి. వాడకం తగ్గించాక దిగివచ్చాయి. సీసం కలిపిన పెట్రోలు 2021లో ప్రపంచంలో చివరిగా అల్జీరియాలో ఆగింది. వీటిలో దేనికీ తల్లులకు అవగాహన తరగతులు అవసరం కాలేదు.

అయితే ఒక దొంగదారి ఉంది. ప్లాస్టిక్‌లోని బీపీఏ మీద గొడవ లేచి పాలసీసాల్లో నిషేధం రాగానే, దానికి తోబుట్టువు లాంటి బీపీఎస్ చాలాచోట్ల దాని స్థానంలోకి వచ్చింది. డబ్బా మీద మాత్రం బీపీఏ లేదు అని పెద్ద అక్షరాలు. పీఫాస్‌లోనూ ఇదే ఆట. ఏళ్ల తరబడి కరగని రసాయనాలపై దేశాలు చేసుకున్న స్టాక్‌హోమ్ ఒప్పందం 2009లో పీఎఫ్‌వోఎస్‌ను, 2019లో పీఎఫ్‌వోఏను, 2022లో పీఎఫ్‌హెచ్‌ఎక్స్‌ఎస్‌ను జాబితాలో చేర్చింది. ఆ కుటుంబంలో వేల సభ్యులున్నారు. పదమూడేళ్లలో మూడు పేర్ల లెక్కన వెళ్తే ఈ పరుగులో చట్టం ఎప్పటికీ వెనకే. అందుకే కుటుంబం మొత్తాన్ని ఒకే గంపకింద చూడాలని, ఒంట్లోనూ నేలలోనూ కరగకుండా మిగిలే గుణం ఒక్కటి చాలు అనుమతి నిరాకరించడానికి అని మేము అంటున్నాం. నిజంగా ప్రత్యామ్నాయం లేని వైద్య పరికరాల వంటి చోట మినహాయింపు ఇవ్వొచ్చు, గడువు పెట్టి.

దానితోపాటు పుట్టిన పిల్లల్లో కొంతమంది బొడ్డుతాడు రక్తాన్ని, తల్లుల రాతపూర్వక అనుమతితో, పేర్లు బయటపెట్టకుండా, ఏటా పరీక్షించి ఫలితాలు ప్రభుత్వమే ప్రకటించాలి. ప్రసవం కాగానే ఆ రక్తం ఎక్కువగా పారేసేదే, బిడ్డకు సూది గుచ్చే పని కూడా లేదు. మూలకణాల కోసం దాన్ని చల్లగా దాచే బ్యాంకులు ఇప్పటికే ఉన్నాయి, దాచే పద్ధతీ తెలుసు. కొంత భాగాన్ని ఇరవై, ముప్పై ఏళ్లు అలాగే ఉంచాలి. ఈ రోజు మనం పేరు కూడా వినని రసాయనం గురించి అప్పుడెవరో అడిగితే వెనక్కి వెళ్లి చూసుకోవడానికి. మినమాటలో ఆ పని ప్రభుత్వం చేయలేదు. తల్లులే, తమకు తెలియకుండా, చెక్కపెట్టెల్లో చేసిపెట్టారు.