పులిహోర ఎందుకు మిగిలింది?

మొన్న ఉగాది భోజనాల్లో పులిహోర మిగిలిపోయింది. రెండు పెద్ద ట్రేలకు పైన కప్పిన రేకు కూడా తీయలేదు. నాలుగు వందల మంది వస్తారని వంటాయనకు చెప్పింది మన కమిటీయే, అందులో నేనూ ఉన్నాను. వచ్చింది మూడు వందలు. మనిషికి ఇంత అని ఆయన వేసిన కొలత మాత్రం సరిగ్గా సరిపోయింది.

ఆ ట్రేలు కార్లో పెడుతుంటే ఒక అన్నయ్య ఫోన్ చూపించాడు. భూమి ముందుముందు ఎంత వేడెక్కుతుందో 1988లో నాసా శాస్త్రవేత్త జేమ్స్ హాన్సెన్ కంప్యూటర్ మోడల్‌తో లెక్కగట్టి వేసిన గ్రాఫ్. అంచనా గీత ఎక్కడికో ఎగబాకింది, నిజంగా నమోదైన వేడి కిందే ఉంది. "చూశావా తమ్ముడూ, ఈ మోడళ్ళన్నీ ఇంతే" అన్నాడు.

హాన్సెన్ గీసింది ఒక గీత కాదు, మూడు. కార్బన్ డయాక్సైడ్, మీథేన్ లాంటి వేడిని పట్టి ఉంచే వాయువులు ఏటికేడు మరింత జోరుగా పెరిగితే 'ఏ' గీత, బాగా అదుపులో పెడితే 'సీ' గీత. మధ్యలోని బీ జరిగే అవకాశమే ఎక్కువని ఆయనే చెప్పాడు. 1998లో అమెరికా కాంగ్రెస్ ముందు ఒక విమర్శకుడు బీ, సీలను తీసేసి ఏ ఒక్కటే చూపించాడు. అన్నయ్య ఫోన్లో ఉన్నదీ ఆ ఒంటి గీతే.

బీ కూడా జరిగినదానికన్నా ఎక్కువ వేడే చూపింది, కాదనను. కానీ ఓజోన్ పొరను కాపాడే మాంట్రియల్ ఒప్పందం వల్ల, ఒకప్పుడు ఫ్రిజ్‌లలో వాడిన సీఎఫ్‌సీ వాయువులు తగ్గాయి, మీథేన్ కూడా అనుకున్నంత పెరగలేదు. అంటే ప్రధానంగా తప్పింది తలల లెక్క లాంటిదే, ఎంత వాయువు వదులుతామన్న ఊహ; వంటాయన కొలత లాంటి మోడల్ కాదు. 1970 నుంచి 2007 దాకా వచ్చిన 17 అంచనాలను వాతావరణ శాస్త్రవేత్త జెక్ హౌస్‌ఫాదర్ బృందం 2020లో సరిచూసింది. ఉన్నవి ఉన్నట్టు చూస్తే 10 సరిపోయాయి, వాయువుల లెక్క సరిచేసి చూస్తే 14.

వంటాయన కొలతలోనూ తేడాలుంటాయి. కార్బన్ డయాక్సైడ్ రెట్టింపైతే భూమి 4.2 డిగ్రీలు వేడెక్కుతుందని హాన్సెన్ మోడల్ అంది. 2021లో ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల సంఘం ఐపీసీసీ అంచనా 3 డిగ్రీలు. కొత్త మోడళ్ళలో కొన్ని 5 కూడా దాటాయి, చాలావరకు మేఘాలను లెక్కగట్టే దగ్గరే పేచీ. ఐపీసీసీ వాటన్నిటినీ కలిపేసి సగటు తీయలేదు, జరిగినదానితో పోల్చి తూచింది. కాబట్టి అన్నిటికన్నా మండిపోయే మోడల్‌నే ఏరి షేర్ చేసేవాళ్ళ మీదా నాకు ఇదే ఫిర్యాదు.

ఈ శతాబ్దం చివరికి వేడి ఎంత? 1850–1900 నాటికన్నా 1.8 డిగ్రీలు ఎక్కువని ఒకచోట, 4.4 అని ఇంకోచోట చదివి "వీళ్ళకే తెలియదు" అనుకుంటాం. ఆ రెండూ ఒకే ఐపీసీసీ నివేదికలోవి. మొదటిది వాయువులు బాగా తగ్గిస్తే, రెండోది విపరీతంగా పెంచుకుంటూ పోతే. ఎంత మంది వస్తారో వంటాయన ఎలా చెబుతాడు?

ఆ రాత్రి అన్నయ్యకు మూడు గీతలూ ఉన్న గ్రాఫ్ పంపాను. ఒక బొటనవేలు వచ్చింది. కాసేపటికి ఇంకో మెసేజ్: "ఆ పులిహోర ఒక ట్రే మా ఇంట్లో దించేసి వెళ్ళు."