కత్తికి స్థానికత కావాలా?

చెన్నై మూర్‌ మార్కెట్‌ కాంప్లెక్స్‌లో సూళ్లూరుపేట లోకల్‌ ఎక్కితే గుమ్మిడిపూండి దాటాక ఎళావూరు, ఆరంబాక్కం, ఆ తర్వాత తడ వస్తాయి. ఆరంబాక్కానికీ తడకీ మధ్య ఎక్కడో రాష్ట్రం మారిపోతుంది. స్టేషన్‌ బోర్డు మీద లిపి మారితే తప్ప రైల్లో ఉన్నవాళ్లకు ఆ సంగతే తట్టదు. కూలీనాలీ జనం, కాలేజీ పిల్లలు, ఫ్యాక్టరీ ఉద్యోగులు రోజూ అటూ ఇటూ తిరుగుతూనే ఉంటారు. ఈ దారిలో ఒక అమ్మాయి చెన్నై వచ్చి ఫెన్సింగ్‌ (కత్తిసాము ఆట) నేర్చుకుంటోందని అనుకుందాం. ఇల్లు సూళ్లూరుపేటలో, కోచ్‌ చెన్నైలో, ఎదురు నిలబడి ప్రాక్టీస్‌ చేసే తోటి పిల్లలూ చెన్నైలోనే. రైలు పట్టించుకోని సరిహద్దు సెలక్షన్ల రోజున ఆ పిల్లకు అడ్డొస్తుంది. ‘నీది ఏ రాష్ట్రం?’ అని అడుగుతారు.

ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా మన దేశంలో ఏ ఆటలోనూ పైకి పోయే దారి లేదు. క్లబ్బు మీద జిల్లా సంఘం, దాని మీద రాష్ట్ర సంఘం, అన్నిటి మీదా జాతీయ సమాఖ్య. నేషనల్స్‌లో ఆడాలంటే ఏదో ఒక జట్టు జెర్సీ వేసుకోవాల్సిందే. ఫెన్సింగ్‌లో టీం అంటే పిస్ట్‌ (ఆడే పట్టీ) మీదికి దిగేవాళ్లు ముగ్గురు, ఒక రిజర్వు. ఫాయిల్‌, ఎపీ, సేబర్‌ ఏ కత్తికైనా లెక్క ఇంతే. నలుగురికి మించి చోటు లేని జట్టులో ఐదో స్థానంలో ఆగిపోయిన పిల్ల తండ్రి, నాలుగో స్థానంలో ఉన్న పిల్ల రేషన్‌ కార్డు ఏ ఊరిదో ఆరా తీస్తాడు. ఆయన్ని తప్పు పట్టలేం. ఆ నాలుగో చోటు వెనక ఉన్నది ఒక్క పతకం ఆశే కాదు. తమిళనాడు ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారులకు 3 శాతం కోటా ఉంది. ఆంధ్రప్రదేశ్‌ కూడా 2024లో తెచ్చిన క్రీడా విధానంతో తన కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది. కేంద్రంలో స్పోర్ట్స్‌ కోటా ఉద్యోగానికి, రాష్ట్రం తరఫున జాతీయ పోటీలో ఆడినట్టు ఫారం-2 పెట్టాలి. దాని మీద సంతకం రాష్ట్ర సంఘం కార్యదర్శిది. ఒక్క సంతకంలో ఇంత బరువు ఉన్నప్పుడు, అది ఎవరికి దక్కాలో తేల్చే నిబంధన ఎంత స్పష్టంగా ఉండాలి?

లోకల్‌, నాన్‌లోకల్‌ గొడవ తెలుగువాళ్లకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. 1952లో ముల్కీ (స్థానికులకే ఉద్యోగాలు) నిబంధనల మీద హైదరాబాద్‌ అట్టుడికింది. 1969లో, 1972లో మళ్లీ రగిలింది. చివరికి రాజ్యాంగంలో 371-డి అధికరణం చేర్చుకుని, నాలుగేళ్లు వరుసగా ఎక్కడ చదివితే అక్కడ లోకల్‌ అని రాసుకున్నాం. చెన్నైలో స్థిరపడిన మన ఇళ్లల్లో దీని మెలిక ఇంకా బాగా తెలుసు. ఇంటి పేరు గోదావరిది, తాతగారి పొలం ఒంగోలు పక్కన, పిల్ల మాత్రం ఆంధ్రాలో నాన్‌లోకల్‌. ఇక్కడ ఇంజినీరింగ్‌ కౌన్సెలింగ్‌కు వెళ్తే, ఎనిమిది నుంచి పన్నెండు దాకా తమిళనాడులో చదివి ఉండకపోతే నేటివిటీ సర్టిఫికెట్‌ తెమ్మంటారు. అంతెందుకు, 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌ జిల్లాలు 13 నుంచి 26 అయినప్పుడు సూళ్లూరుపేట నెల్లూరు జిల్లాలోంచి తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. ఊళ్లో ఎవరూ ఇల్లు కదల్చలేదు, సామాను సర్దలేదు. జిల్లా సంఘం సభ్యత్వాన్ని బట్టి ఆటగాళ్లను గుర్తించే పద్ధతి ఎంత గట్టి నేల మీద నిలబడిందో చూసుకోండి.

మిగతా ఆటల సంగతి ఎలా ఉన్నా, ఫెన్సింగ్‌కు ఈ పద్ధతి బొత్తిగా నప్పదు. కబడ్డీకి ఊరి చివర మైదానం చాలు. ఫెన్సింగ్‌కు 14 మీటర్ల పిస్ట్‌ కావాలి, టచ్‌ పడితే దీపం వెలిగే ఎలక్ట్రిక్‌ పరికరం కావాలి, మాస్కు, జాకెట్‌, వైరున్న కత్తి కావాలి. అన్నిటికంటే ముందు తెలిసిన కోచ్‌ ఉండాలి, సమానంగా ఆడే ప్రత్యర్థులు పది మంది ఉండాలి. ఇవన్నీ ఒకచోట దొరికే ఊళ్లు దేశంలో వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. కాబట్టి ఈ ఆట నేర్చుకునే పిల్లలు ఊళ్లు మారక తప్పదు.

భవానీ దేవి కథే ఇందుకు సాక్ష్యం. కుటుంబం మూలాలు తూర్పుగోదావరిలో, పుట్టింది చెన్నైలో. 2004లో చెన్నైలోని స్కూల్లో ఆటకు ఆరుగురినే తీసుకుంటామంటే, ఆమె వంతు వచ్చేసరికి ఖాళీ ఉన్నది ఫెన్సింగ్‌ ఒక్కటేనట. మొదట్లో సాధన వెదురు కర్రలతో. పదో తరగతి తర్వాత కేరళలోని తలశ్శేరి సాయ్‌ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) కేంద్రానికి వెళ్లింది. ఆ పైన ఇటలీలోని లివోర్నోలో నికోలా జనోట్టి దగ్గర ఏళ్ల తరబడి నేర్చుకుంది. 2021లో టోక్యోలో ఒలింపిక్స్‌ పిస్ట్‌ ఎక్కిన మొదటి భారతీయ ఫెన్సర్‌గా తొలి బౌట్‌ను 15-3తో గెలిచింది. 2022 జాతీయ క్రీడల్లో సేబర్‌ స్వర్ణం గెలిచింది తమిళనాడు తరఫున. 2023లో వూషీలో జపాన్‌కు చెందిన ప్రపంచ చాంపియన్‌ మిసాకి ఎమురాను ఓడించి, ఆసియా చాంపియన్‌షిప్‌లో మన దేశానికి మొదటి పతకం తెచ్చింది. ఈ మొత్తం దారిలో ఆమె ‘స్థానిక’ ఎక్కడ? ఎవరి చిరునామా రుజువు చూపిస్తే ఆ పతకం లెక్క తేలుతుంది?

అయితే ప్రాంతీయ నిబంధన అనగానే పాడు నిబంధన అనడం మా ఉద్దేశం కాదు. భవానీ టోక్యోకు వెళ్లింది కూడా ఒక ప్రాంతీయ కోటా మీదే. అప్పట్లో ఆమె ప్రపంచ ర్యాంకు 45. టీం ఈవెంట్‌ ద్వారా అర్హత పొందిన దేశాలను పక్కన పెట్టి, ర్యాంకింగ్‌ ఆధారంగా ఆసియా-ఓషియానియాకు ఇచ్చిన రెండు చోట్లలో ఒకటి ఆమెకు దక్కింది. ఆ కోటా లేకపోతే యూరప్‌ దేశాలే పిస్ట్‌ నింపేసేవి. బలమైన చోటి నుంచి వచ్చినవాళ్లు బలహీనమైన చోటి పిల్లల అవకాశాన్ని మింగేయకుండా గోడ ఉండాలన్నది న్యాయమైన ఆలోచనే.

ఆ గోడ దూకేవాళ్లు ఎక్కడో లేరు, మన మధ్యే ఉన్నారు. ఈ మాట మనవాళ్లకు కాస్త గుచ్చుకోవచ్చు. ఇక్కడ పోటీ గట్టిగా ఉంది కదా అని బావమరిది ఇంటి అడ్రస్‌ మీద పక్క రాష్ట్రంలో సభ్యత్వం తీసుకుని, సెలక్షన్ల ముందు నాలుగు రోజులు అక్కడ తిరిగి, సర్టిఫికెట్‌ చేతికొచ్చాక మళ్లీ ఆ ముఖం చూడకపోవడం ఏ ఆటలో లేదు? రెంటల్‌ అగ్రిమెంట్‌ ఒక్క పూటలో పుడుతుంది. అడ్రస్‌ను నమ్ముకున్న నిబంధన అలాంటివాళ్లను ఆపలేదు. నిజంగా రోజూ రైలెక్కి వచ్చే పిల్లనే ఆపుతుంది. మా అభ్యంతరం అక్కడే.

పైగా ఈ స్థానికత పట్టింపు అందరికీ ఒకేలా వర్తించదు. 2025 ఉత్తరాఖండ్‌ జాతీయ క్రీడల్లో 68 స్వర్ణాలతో అగ్రస్థానంలో నిలిచింది ఏ రాష్ట్రమూ కాదు, సైనిక దళాల సర్వీసెస్‌ జట్టు. సైన్యానికి సొంత ఊరంటూ లేదు, రేషన్‌ కార్డూ లేదు. ఉద్యోగం ఎక్కడ, శిక్షణ ఎక్కడ అన్నదే దాని లెక్క. ఆ లెక్కే పతకాలు తెస్తుంటే పదిహేనేళ్ల పిల్లకు మాత్రం తాసీల్దారు ముద్ర కావాలనడం విచిత్రం.

దేశం మారేవాళ్లకు ఉన్నపాటి స్పష్టత రాష్ట్రం మారేవాళ్లకు లేదు. ఒలింపిక్‌ చార్టర్‌ ప్రకారం ఒక దేశం తరఫున ఆడి మరో దేశం పౌరుడైనవాడు మూడేళ్లు ఆగాలి. సంబంధించిన సంఘాలు ఒప్పుకుంటే ఆ గడువు తగ్గుతుంది. ఇష్టం ఉన్నా లేకపోయినా అది రాసి ఉన్న మాట. అమెరికా ఫెన్సింగ్‌ సంఘం దేశాన్ని ఆరు రీజియన్లుగా విడగొట్టుకుంది. కానీ రీజియన్‌ సర్క్యూట్‌ పోటీలకు పక్క రీజియన్‌ పిల్లలు కూడా వెళ్లి ఆడుకోవచ్చు. ఫలానా చోటివాడు అన్న గుర్తింపు వేరు, ఫలానా చోట ఆడకూడదన్న అడ్డు వేరు. మన సంఘాలు ఆ రెంటినీ కలిపేస్తున్నాయి.

ఇక్కడ సుప్రీంకోర్టు 2025లో చెప్పిన రెండు మాటలు పనికొస్తాయి. జనవరి 29న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం పీజీ వైద్య సీట్లలో నివాసం ఆధారంగా రిజర్వేషన్‌ చెల్లదంది. మనందరికీ ఉన్నది ఒకటే డొమిసైల్‌, అది భారతదేశం అంది. ఎంబీబీఎస్‌ దగ్గర మాత్రం కొంత మేరకు తప్పు లేదని కూడా ఆ తీర్పే ఒప్పుకుంది. సెప్టెంబర్‌లో తెలంగాణ ఎంబీబీఎస్‌ సీట్లకు నాలుగేళ్ల చదువు నిబంధనను కోర్టు సమర్థించింది. మెట్టు కింద ఉన్నప్పుడు ప్రాంతానికి విలువ, పైకి వెళ్లేకొద్దీ నైపుణ్యానికి విలువ అన్న తర్కం రెండింట్లోనూ కనిపిస్తుంది. ఆటకూ ఇదే కొలత పెట్టుకోవచ్చు. అండర్‌-14 దగ్గర జిల్లా పిల్లలకే చోటు అంటే అర్థం ఉంది. సీనియర్‌ సేబర్‌ జట్టు దగ్గర కూడా అదే పాట పాడితే అర్థం లేదు.

మేము కోరేది పెద్ద సంస్కరణేమీ కాదు. ఇల్లున్న చోటు, చదివే చోటు, శిక్షణ తీసుకునే చోటు, ఈ మూడింట్లో ఏదో ఒకదాన్ని ఆటగాడే సీజన్‌ మొదట్లో ఎంచుకోవాలి. మధ్యలో మార్చకూడదు. మారితే ఒక సీజన్‌ ఆగాలి, తల్లిదండ్రులకు ఉద్యోగరీత్యా బదిలీ అయితే ఆ గడువు అక్కర్లేదు. శిక్షణ తీసుకునే చోటు అని రాసినవాళ్లు కోచ్‌ హాజరు పుస్తకం చూపించాలి, రెంటల్‌ అగ్రిమెంట్‌ కంటే దాన్ని పుట్టించడం కష్టం. గడువు పూర్తయ్యాక పాత సంఘం ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఇవ్వలేదన్న కారణంతో ఎవరినీ ఆపకూడదు. ఎన్‌ఓసీ కోసం నెలల తరబడి టెన్షన్‌ పడే పిల్ల ప్రాక్టీస్‌ ఏం చేస్తుంది? ఒక్క మినహాయింపు మాత్రం సబబే. స్పోర్ట్స్‌ హాస్టల్లో చోటిచ్చి, తిండి పెట్టి, కిట్టు కొనిచ్చిన రాష్ట్రం రెండేళ్లు మాకే ఆడాలి అంటే కాదనలేం. ప్రజల సొమ్ము పెట్టినవాళ్లకు ఆ మాత్రం హక్కు ఉంటుంది.

2025 ఆగస్టులో వచ్చిన జాతీయ క్రీడా పాలన చట్టం క్రీడా వివాదాల కోసం ఒక ట్రైబ్యునల్‌ పెట్టమంది. మంచిదే. కానీ అండర్‌-17 పిల్ల కేసు తేలేసరికి ఆమె అండర్‌-20కి వచ్చేస్తుంది. ట్రైబ్యునల్‌ దాకా పోకుండా ఉండాలంటే చెన్నైలోని సంఘమూ, ఆంధ్రాలోని సంఘమూ ఒకసారి కూర్చుని సరిహద్దు పిల్లల సంగతి మాట్లాడుకోవాలి. ఒప్పుకున్నది వచ్చే జిల్లా సెలక్షన్లకు కనీసం మూడు నెలల ముందు నోటీసు బోర్డుకెక్కాలి. తమిళంలోనూ తెలుగులోనూ పెట్టాలి. తిరువళ్లూరు జిల్లాలో ఆ రెండు భాషలూ మాట్లాడే ఇళ్లకు కొదవ లేదు.