ట్రాక్ కారు రోడ్డు మీద అన్నిటికంటే భద్రమా? ఒక్కో మాటకు జవాబు

పోర్షే 911 జీటీ3 ఆర్ఎస్ గురించి రీల్స్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో ఒక వాదన బాగా తిరుగుతోంది. దాని సారం ఇది: 2022 అక్టోబరులో రేసు డ్రైవరు యోర్గ్ బెర్గ్‌మైస్టర్ ఈ కారును జర్మనీలోని న్యూర్‌బర్గ్‌రింగ్ నార్డ్‌ష్లైఫ్ రేసు ట్రాక్ మీద ఒక చుట్టు (ల్యాప్) 6 నిమిషాల 49.328 సెకన్లలో తిప్పాడు. అంత వేగాన్ని తట్టుకున్న కారుకు మన రోడ్డు మీద 80, 100 ఒక లెక్కా? గాలి నేలకు అదుముతుంది, టైర్లు అతుక్కుపోతాయి, బ్రేకు కొడితే ఉన్నచోటే ఆగుతుంది, గట్టి సస్పెన్షన్ తూలనివ్వదు, వెనక కేజ్ (కారు బోల్తా పడితే కాపాడే గట్టి కడ్డీల చట్రం), ఆరు పాయింట్ల బెల్టు ఉన్నాయి. కాబట్టి రోడ్డు మీద దీన్ని మించిన భద్రమైన కారు లేదట.

ల్యాప్ టైము నిజమే. దాన్నుంచి లాగిన తీర్పే తప్పు. ఆ ల్యాప్ వేసింది ఎదురు బండి రాని దారిలో, వేడెక్కిన టైర్ల మీద, ప్రతి మలుపూ కంఠస్థం అయిన డ్రైవరు. రోడ్డు మీద ఈ మూడూ ఉండవు.

"గాలి నేలకు అదుముతుంది." పోర్షే చెప్పే లెక్క ప్రకారం ఈ కారుకు గంటకు 200 కి.మీ. దగ్గర 409 కిలోలు, 285 దగ్గర 860 కిలోల డౌన్‌ఫోర్స్ వస్తుంది. ఇది వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది, అంటే వేగం రెట్టింపైతే ఇది నాలుగింతలు. తగ్గేటప్పుడూ అంతే. 200లో 409 ఉంటే 100లో నాలుగో వంతు, అంటే సుమారు 102 కిలోలు. 80లో 65, 60లో 37. కారు బరువేమో 1,450 కిలోలు. కాబట్టి 80లో కారు వెనకున్న రెక్క వల్ల టైరు మీద పెరిగే బరువు నాలుగైదు శాతమే. హైదరాబాద్ ఓఆర్‌ఆర్ మీద అనుమతించిన గరిష్ఠ వేగం 120. అక్కడ కూడా 150 కిలోలు దాటదు. రెక్క నిజంగా పని చేసే వేగం మన రోడ్ల మీద నేరం కిందికి వస్తుంది.

"టైర్లు అతుక్కుపోతాయి." అసలు ప్రమాదం దాగి ఉన్నది ఈ మాటలోనే. ఆ ల్యాప్ మిషెలిన్ పైలట్ స్పోర్ట్ కప్ 2 ఆర్ టైర్ల మీద వేసింది. పొడి ట్రాక్‌ను దృష్టిలో పెట్టుకుని చేసిన రబ్బరు అది. బాగా వేడెక్కితే తప్ప దాని అసలు పట్టు బయటికి రాదు. ట్రాక్ మీద రెండు ల్యాపుల్లో ఆ వేడి వచ్చేస్తుంది, ఊళ్లో సిగ్నల్ నుంచి సిగ్నల్‌కు పోతుంటే రాదు. మే నెల మధ్యాహ్నం తారు రోడ్డే కాలుతుంటుంది కాబట్టి లోటు పెద్దగా కనిపించదు. జనవరి తెల్లవారుజామున కారు తీసి మొదటి ఫ్లైఓవర్ ర్యాంపు మలుపులో గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే మాత్రం 335 మి.మీ. వెడల్పున్న వెనక టైరు కూడా జారుతుంది. ఇంజను వెనకే ఉన్న కారు అది, వెనక భాగం ఒకసారి ఊగితే తిరిగి పట్టుకోవడం తేలిక కాదు.

వానలో సంగతి ఇంకా కష్టం. టైరు వెడల్పయ్యేకొద్దీ పక్కకు తోసేయాల్సిన నీళ్లు పెరుగుతాయి. ఈ టైరుకు గాడులు తక్కువ, వాటి లోతూ తక్కువ. ముందు టైరే 275. రోడ్డు మీద నిలిచిన నీళ్లలోకి 80లో వెళ్తే స్టీరింగు ఒక్కసారిగా తేలికైపోతుంది. టైరు నీటి మీద తేలుతోందని అర్థం. అప్పుడు బ్రేకు తొక్కకూడదు, స్టీరింగు తిప్పకూడదు. యాక్సిలరేటర్ నెమ్మదిగా వదిలి, చక్రాలు నేలను తాకేదాకా స్టీరింగును తిన్నగా పట్టుకోవాలి. అదే రోడ్డులో మంచి గాడులున్న మామూలు టైర్ల సెడాన్ అంత తేలికగా తేలదు.

గాలి ఒత్తిడి విషయంలో ఎక్కువమంది దెబ్బతినేది ట్రాక్ డే (సొంత కారును రేసు ట్రాక్ మీద నడిపే రోజు) మర్నాడు. ట్రాక్ మీద టైరు వేడెక్కి ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి వేడి మీద గాలి తీసి 30 పీఎస్ఐ దగ్గరకు తెస్తారు. టైరు 80 డిగ్రీల నుంచి 30 డిగ్రీలకు చల్లారితే అదే గాలి సుమారు 24 పీఎస్ఐ చూపిస్తుంది. ప్రతి 10 డిగ్రీలకు ఒకటి, ఒకటిన్నర పీఎస్ఐ తేడా అని గుర్తు పెట్టుకుంటే చాలు. గాలి మళ్లీ నింపకుండా ఆ టైర్లతోనే హైవే ఎక్కితే నీళ్లలో తేలే వేగం ఇంకా తగ్గుతుంది. గుంటలో పడితే టైరు పక్కగోడ రిమ్ముకూ రోడ్డుకూ మధ్య నలిగి తెగుతుంది. ఇంటికి బయల్దేరే ముందే, టైరు చల్లారాక, డోరు దగ్గరి స్టిక్కరులో ఉన్న రోడ్డు ఒత్తిడికి నింపాలి.

ట్రాక్ కోసం క్యాంబర్ పెంచినవాళ్లు ఇంకొకటి చూడాలి. జీటీ కార్లలో చక్రాన్ని పట్టుకునే కింది ఆర్మ్‌లో షిమ్ములు (పలుచటి లోహపు బిళ్లలు) మార్చి చక్రం పైభాగాన్ని లోపలికి వంచుతారు. మలుపుల్లో అది లాభమే. తిన్నని హైవే మీద మాత్రం బరువంతా టైరు లోపలి అంచు మీదే పడుతుంది. బయటి నుంచి చూస్తే టైరు కొత్తదానిలా ఉంటుంది, లోపలి అంచున దారాలు బయటపడుతుంటాయి. స్టీరింగు పూర్తిగా తిప్పి, చెయ్యి లోపలికి పెట్టి తడిమి చూడాలి. గాడి లోతు 1.6 మి.మీ.కి చేరితే చట్టప్రకారం టైరు పని అయిపోయినట్టే. వానాకాలానికి అంతవరకూ ఆగడం కూడా ఎక్కువే.

"బ్రేకు కొడితే ఉన్నచోటే ఆగుతుంది." ఐచ్ఛికంగా దొరికే సిరామిక్ బ్రేకుల్లో ముందు డిస్కు 410 మి.మీ., వెనకది 390. వాటి గొప్పతనం మళ్లీ మళ్లీ 250 నుంచి తగ్గించినా వేడికి లొంగకపోవడం. ఒకే ఒక్కసారి 80 నుంచి ఆగడానికి ఏ మంచి కారు బ్రేకైనా చక్రాన్ని బిగించగలదు. హద్దు గీసేది టైరు పట్టు. లెక్క చూడండి: 80లో సెకనుకు 22 మీటర్లు పోతాం. వేడెక్కిన ట్రాక్ టైరు మీద 1.2 జీ (భూమ్యాకర్షణ త్వరణానికి 1.2 రెట్లు) పట్టు దొరికితే ఆగడానికి 21 మీటర్లు, మామూలు మంచి టైరు మీద 0.9 జీ దొరికితే 28 మీటర్లు. తేడా 7 మీటర్లు. కాలంలో చెప్పాలంటే 0.3 సెకను. డ్రైవరు ఫోన్ వైపు ఒక్క చూపు చూస్తే ఆ లాభం మొత్తం పోతుంది.

అదీ రోడ్డు శుభ్రంగా ఉంటేనే. కోతల కాలంలో తెలుగు జిల్లాల రోడ్ల మీద వడ్లు ఆరబోసి ఉంటాయి, ట్రాక్టర్ చక్రాల మట్టి మలుపుల్లో పరచుకుని ఉంటుంది. పట్టు 0.5 జీకి పడిపోతే ఆగే దూరం 50 మీటర్లు, అప్పుడు ఏ కారైనా ఒకటే. వెనక వచ్చే లారీ మాత్రం మనంత త్వరగా ఆగలేదన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి. అద్దంలో చూడకుండా 1.2 జీతో ఆపడం భద్రత కాదు. మామూలు ప్యాడ్లు తీసేసి రేసు ప్యాడ్లు వేయించినవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. అవి చల్లగా ఉన్నప్పుడు సరిగా పట్టవు. పొద్దున్నే గేటు దాటి తొక్కిన మొదటి బ్రేకు అన్నిటికంటే బలహీనంగా ఉంటుంది.

"గట్టి సస్పెన్షన్ తూలనివ్వదు." నునుపైన ట్రాక్ మీద నిజం. అతుకులేసిన తారు మీద గట్టి స్ప్రింగు చక్రాన్ని నేలకు అంటిపెట్టుకుని ఉండనివ్వదు. చక్రం ఎగిరినంతసేపూ దానికి పట్టు సున్నా. ఎగుడుదిగుడు మీద బ్రేకు తొక్కితే ఏబీఎస్ ముందుగానే వదిలేస్తుంది, దూరం పెరుగుతుంది. ఆర్ఎస్ స్టీరింగు మీది నాబ్‌లతో డ్యాంపర్ల (షాక్ అబ్జార్బర్ల) కంప్రెషన్, రీబౌండ్, అంటే అవి నొక్కుకునేటప్పుడూ తిరిగి సాగేటప్పుడూ ఉండే గట్టిదనం, మార్చుకునే వీలు ట్రాక్ మోడ్‌లో ఉంది. రోడ్డు మీద దాన్ని ముట్టుకోవాల్సిన పని లేదు. నార్మల్‌లో వదిలేయడమే సరైన సెట్టింగు.

స్పీడ్ బ్రేకర్ల మాట కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) ప్రమాణం ప్రకారం హంప్ 10 సెం.మీ. ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు ఉండాలి. అలా కట్టినదాన్ని నెమ్మదిగా దాటొచ్చు. కాలనీ వాళ్లు సొంతంగా పోసుకున్న నిటారు దిమ్మలే ముందు బంపరు కింది పెదవిని విరిచేది. ముక్కు ఎత్తే లిఫ్ట్ సిస్టమ్ నెమ్మదిగా వెళ్లేటప్పుడే పని చేస్తుంది, పైకి రావడానికి కొన్ని సెకన్లు కూడా పడుతుంది. దిమ్మ కనబడగానే నొక్కాలి, దాని మీదికి వచ్చాక నొక్కి లాభం లేదు.

"కేజ్ ఉంది, ఆరు పాయింట్ల బెల్టు ఉంది." క్లబ్‌స్పోర్ట్ కిట్‌లో అవి వస్తాయి, ట్రాక్ వాడకానికి. ఆరు పాయింట్ల బెల్టు భుజాలను సీటుకు బిగించేస్తుంది. హెల్మెట్టూ మెడను కాపాడే హాన్స్ పరికరమూ లేకుండా ఢీకొంటే ఒంటిని బెల్టు ఆపుతుంది, తల ఆగదు, భారమంతా మెడ మీద పడుతుంది. పైగా జంక్షన్లో ముందుకు వంగి పక్కరోడ్డు చూడలేరు. రోడ్డు మీద కారుతో వచ్చిన మూడు పాయింట్ల బెల్టే పెట్టుకోవాలి, ఎయిర్‌బ్యాగులు దానికి తగ్గట్టే కుదిర్చినవి.

ఆ వాదనలో ఎవరూ ఎత్తని సంగతి ఇంజను. 9,000 ఆర్‌పీఎం దాకా తిరిగే ఈ 4.0 లీటర్ల ఇంజను అసలు అందం ఆ పై ఆర్‌పీఎంలలో ఉంది. రెండో గేరులో అక్కడికి చేరేలోపే 100 దాటిపోతాం. కారు ఎంత నిలకడగా ఉంటుందంటే 130లో 80లా అనిపిస్తుంది. అందుకే కళ్లు మీటరు మీద ఉండాలి. దీన్ని రోడ్డు మీద నడపొద్దని ఎవరూ అనక్కర్లేదు. 3,000, 4,000 ఆర్‌పీఎం దగ్గర కూడా స్టీరింగు చెప్పే కబుర్లు, బ్రేకు పెడల్ గట్టిదనం తెలుస్తూనే ఉంటాయి. రోజూ తిప్పాలనుకునేవాళ్లు అదే సైజులో, పోర్షే ఆమోదించిన ఎన్ గుర్తున్న రోడ్డు టైర్ల సెట్టు దొరికితే వేయించుకుని, కప్ 2 ఆర్ సెట్టును ట్రాక్ కోసం విడిగా ఉంచుకోవడం మేలు. ఆ విడి సెట్టును మళ్లీ ఎక్కించేటప్పుడు పక్కగోడ మీది నాలుగంకెల తేదీ కోడ్ చూడాలి. మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. చాలాసార్లు కాగి చల్లారిన రబ్బరు గాడి మిగిలి ఉన్నా గట్టిపడిపోతుంది.

వాదనలో నిలిచే మాట ఒక్కటుంది. అరకు లాంటి ఘాట్ దిగేటప్పుడు ఈ డిస్కులు వేడికి అలిసిపోవు. అయినా గేరు తగ్గించే దిగాలి, ఎందుకంటే బ్రేకు ఫ్లూయిడ్ సంగతి వేరు. డాట్ 4 ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155కు పడిపోవచ్చు. ఫ్లూయిడ్ మరిగిందంటే డిస్కు ఎంత ఖరీదైనదైనా పెడల్ నేలకు తగులుతుంది. ట్రాక్‌కు వెళ్లే కారుకు ఏడాదికోసారైనా దాన్ని మార్పించాలి.