ఆమోదించగానే అస్త్రం చేతికొచ్చినట్టా?

వాయుసేనకు దూరశ్రేణి క్షిపణులు కొనడానికి రక్షణ కొనుగోళ్ల మండలి సరేనంటే చాలు, రేపే వాటిని విమానాలకు తగిలించేస్తున్నట్టు టీవీల్లో హడావుడి మొదలవుతుంది. మండలి చెప్పేది ఆ కొనుగోలు అవసరమేనని, అంతవరకే. ఆ తర్వాత టెండర్లు, పరీక్షలు, ధర దగ్గర బేరాలు, పెద్ద మొత్తమైతే భద్రతా వ్యవహారాల కేబినెట్ కమిటీ అనుమతి ఉంటాయి. ఒప్పందంపై సంతకాలు పడేది ఇవన్నీ అయ్యాకే.

ఈ నత్తనడక ఖరీదెంతో 2019 ఫిబ్రవరి 27న కశ్మీర్ గగనతలంలో తెలిసొచ్చింది. పాకిస్తాన్ ఎఫ్-16లు దూరం నుంచే అమెరికా తయారీ ఆమ్‌రామ్ క్షిపణులు వదిలితే మన సుఖోయ్‌లు తప్పించుకోవాల్సి వచ్చింది. అలాగే విమానం నుంచి విమానాన్ని కొట్టే మన అస్త్ర క్షిపణి తొలి ప్రయోగం 2003లోనే జరిగింది. దాని తొలి రకం మార్క్-1 కోసం ప్రభుత్వ రంగ క్షిపణి తయారీ సంస్థ భారత్ డైనమిక్స్‌ (బీడీఎల్)తో రూ.2,971 కోట్ల ఒప్పందం కుదిరింది మాత్రం 2022 మే 31న! విదేశాల నుంచి తెచ్చుకున్నా ఇదే తంతు. 2018లో రష్యాతో ఒప్పందం చేసుకున్న ఎస్-400 గగనతల రక్షణ వ్యవస్థలు ఉక్రెయిన్ యుద్ధంతో గడువు దాటిపోయాయి. సకాలంలో పూర్తయిన ప్రాజెక్టు ఒక్కటీ తనకు గుర్తులేదని వాయుసేనాధిపతి ఏపీ సింగ్ 2025 మేలో బహిరంగంగానే అన్నారు.

అందుకే ఆయుధం ఎప్పటికి చేతికొస్తుందో ముందే చెప్పాలి. అలా గడువు చెబితే రహస్యాలు బయటపడతాయన్న వాదన విశాఖలో చెల్లదు. ఇక్కడి నౌకాదళ ఆయుధాల పరిశోధనశాల ఎన్‌ఎస్‌టీఎల్ రూపొందించిన, నీటిలో దూసుకెళ్లి లక్ష్యాన్ని పేల్చే వరుణాస్త్ర టార్పెడోల తయారీకి 2020లో ఇక్కడి బీడీఎల్ యూనిట్‌కు ఆర్డరు వచ్చినప్పుడు రూ.1,187.82 కోట్లు, 42 నెలలు అని లెక్క బయటికే చెప్పారు. నౌకాదళానికి దానివల్ల వచ్చిన నష్టమేమీ లేదు.

గడువు కన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. క్షిపణి దాచుకునే బంగారం కాదు. లోపలి ఇంధనం, బ్యాటరీలు పాతబడతాయి, నిల్వకాలం తీరుతుంది. ఒకేసారి భారీ ఆర్డరిచ్చి ఊరుకుంటే ఫ్యాక్టరీకి కొన్నేళ్లు ఊపిరాడదు, ఆ తర్వాత పనే ఉండదు. విడిభాగాలు చేసే చిన్న యూనిట్లు అన్నాళ్లు జీతాలిస్తూ కూర్చోలేవు. మళ్లీ ఆర్డరు వచ్చేసరికి పని నేర్చిన కుర్రాళ్లు హైదరాబాద్‌కో, గల్ఫ్‌కో వెళ్లిపోయి ఉంటారు. యుద్ధంలో నిల్వలు ఎంత వేగంగా అడుగంటుతాయో ఉక్రెయిన్‌ను చూసి పాశ్చాత్య దేశాలే కంగారుపడ్డాయి.

అందుకే ఏటా కొన్ని చొప్పున, కనీసం పదేళ్ల పాటు ఆగకుండా కొంటామని కేంద్రం ముందే హామీ ఇవ్వాలి. ఏ ఒప్పందం ఎంతవరకు వచ్చిందో రక్షణ శాఖ ఏటా పార్లమెంటు స్థాయీ సంఘం ముందు పెట్టాలి. అస్త్రలో తర్వాతి రకమైన మార్క్-2 విషయంలోనైనా, ఎన్ని కొంటున్నారో దాచుకున్నా ఫర్వాలేదు, తొలి విడత ఎప్పుడొస్తుందో సంతకాల రోజే ప్రకటించాలి.