మూతబడ్డ కంపెనీ, పెరిగిన ఉత్పత్తి

ఒక కంపెనీ మూతబడ్డాక దాని ఉత్పత్తి పెరగడం ప్రపంచంలో ఎక్కడైనా ఉందో లేదో గానీ మన దగ్గర ఉంది. హెచ్.ఎం.టి. వాచీల కంపెనీ మూసివేతకు కేంద్ర మంత్రివర్గం 2016 జనవరిలో ఆమోదం తెలిపింది. తెలిపితే ఏమైంది? చావి ఇచ్చే జనతా, పైలట్, జవాన్ మోడళ్లు ఇప్పటికీ మిలమిలా మెరుస్తూ వస్తూనే ఉన్నాయి. కార్మికులు లేరు, జీతాలు లేవు, సమ్మెలు అసలే లేవు. పైగా కంపెనీ కలలో కూడా అనుకోని నారింజ, చిలకపచ్చ రంగుల్లో వస్తున్నాయి. నష్టాల్లో ఉన్న ప్రభుత్వ సంస్థలన్నింటికీ ఇదే మార్గం చూపించవచ్చునేమో పెద్దలు ఆలోచించాలి.

ఈ పారిశ్రామిక విప్లవానికి పెట్టుబడి పెట్టినవాడు కొనేవాడే. ఆయనకు అరవై ఏండ్ల నాటి వాచీ కావాలి. కానీ దాని మీద అరవై ఏండ్ల గీత ఒక్కటి కూడా ఉండొద్దు. డయల్ తెల్లగా ఉండాలి, అద్దం తళతళలాడాలి, ధర వెయ్యి రెండు వేలు దాటొద్దు, అన్నీ ఒరిజినల్ అయి ఉండాలి. ఇంత న్యాయమైన కోరిక విన్నాక అమ్మేవాడు మాత్రం ఏం చేస్తడు? పాత డయల్ గీకి, రంగు కొట్టి, అక్షరాలు మళ్లీ అచ్చేయించి చేతిలో పెడతడు.

వాచీతో పాటు వంశవృక్షం కూడా ఇస్తారు, దానికి వేరే చార్జీ లేదు. ఓరుగల్లు ప్రాంతంలో ఈ వంశాలు ముఖ్యంగా మూడు. మొదటిది కాజీపేట గార్డు గారి వాచీ. ఇప్పటిదాకా అమ్ముడుపోయిన గార్డు వాచీలను లెక్కేస్తే కాజీపేట జంక్షన్ల బోగీకి ఇద్దరు గార్డులు పని చేసి ఉండాలి. రెండోది ఆజంజాహీ బట్టల మిల్లు మేనేజరు వాచీ. ఇక అన్నిటికంటే ఖరీదైంది మూడోది: "గిది నైజాం కాలం నాటిది సార్, మా తాతకు పెండ్లిల పెట్టిన్రు." నైజాం పాలన 1948 సెప్టెంబరులో ముగిసింది. జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో హెచ్.ఎం.టి. బెంగళూరులో వాచీలు మొదలుపెట్టింది 1961లో. మధ్యలో పదమూడేండ్లు ఆ తాత ఉత్త చేతిని చూసుకుంటూ టైము చెప్పిండని మనం అర్థం చేసుకోవాలి. అదే మాట వెస్టెండ్ వాచీ గురించి చెబితే కొంత నమ్మొచ్చు. ఆ కంపెనీ 1886లోనే బొంబాయిలో దుకాణం తెరిచింది.

సరే, వంశం పక్కన పెట్టి డయల్ చూద్దాం. చూడాల్సింది ఐ గ్లాసు, అంటే మెకానిక్కుల భూతద్దం, కంటికి పెట్టుకొని, పగటి వెలుతురులో. కంపెనీ అచ్చు అక్షరం అంచు కత్తితో కోసినట్టు ఉంటుంది. రంగు కొట్టిన డయల్ మీద అక్షరం కొంచెం ఉబ్బి, సిరా పక్కకు పాకి ఉంటుంది. తర్వాత నిమిషాల గీతలు చూడాలి. పన్నెండు దగ్గరి గీత అంకె గుర్తుకు నడిమధ్యకు రావాలి, ఐదు నిమిషాల గుర్తుల మధ్య నాలుగు గీతలు ఉండాలి. కొత్త కళాకారులు ఉదారంగా ఐదు వేసిన సందర్భాలూ ఉన్నాయి, గంటకు నిమిషాలు పెరిగితే మనకే కదా లాభం! కింద ఆరు దగ్గర చిన్న అక్షరాలు వంకరగా ఉన్నా, డయల్ అంచున రంగు గడ్డకట్టి ఉన్నా అనుమానం అక్కర్లేదు, రంగు కొట్టిందేనని నమ్మకం పెట్టుకోవచ్చు. ముళ్ల పొడవు కూడా సాక్ష్యమే. నిమిషాల ముల్లు గీతల దాకా చేరకుండా మధ్యలోనే ఆగితే అది వేరే వాచీ నుంచి దత్తత వచ్చింది.

వెనుక మూత మీద "స్టెయిన్‌లెస్ స్టీల్ బ్యాక్" అని ఇంగ్లీషులో ఉంటే చాలామంది మురిసిపోతారు. అందులో అబద్ధమేమీ లేదు, స్టీలు వెనుక మూత వరకే. మిగతా కేసు ఇత్తడికి క్రోమ్ పూత కావచ్చు. బెల్టు తగిలే కొమ్ముల లోపలి వైపు చూస్తే పూత లేచి పసుపు కనబడుతుంది, చెమట తిన్నచోట చిలుము పడుతుంది. దాని మీద మళ్లీ పూత వేయిస్తే గుంటలు కూడా మెరుస్తాయి.

వాచీ లోపలి మిషను సంగతికొస్తే, పదిహేడు జువెల్స్ అంటే పదిహేడు కెంపులని, కరిగిస్తే ఏమైనా వస్తుందని ఆశపడేవాళ్లు ఇంకా ఉన్నారు. అవి ఫ్యాక్టరీలో చేసిన రాళ్లు, ఇరుసులు అరగకుండా ఉంచడమే వాటి పని. కొనేముందు చావి నెమ్మదిగా తిప్పాలి. పాతిక ముప్పై తిప్పుళ్లకు బిగుసుకుని ఆగాలి. ఎంత తిప్పినా ఆగకపోతే చావికి చుట్టుకునే స్ప్రింగు తెగింది, లేదా కొక్కెం నుంచి జారింది. బిగుసుకుంది గానీ నడవలేదంటే నూనె ఎండి జిగురైంది, లేదా ఎప్పుడో కింద పడి బ్యాలెన్స్, అదే అటూ ఇటూ ఊగే చక్రం, దాని ఇరుసు విరిగింది. అమ్మేవాడు మాత్రం "ఎక్కువ చావి ఇచ్చిన్రు సార్, గందుకే పట్టేసింది" అంటడు. ఎక్కువ చావికి వాచీ పట్టేయదు. నిండాక బలవంతం చేస్తే విరుగుతుంది, అంతే. మిషను టిక్కుటిక్కుమంటూనే ముళ్లు మాత్రం వెనుకబడుతుంటే నడిమి చక్రం మీది గొట్టం, అదే కానన్ పినియన్, వదులైంది. గంటకు పది నిమిషాలు ముందుకు పరుగెత్తుతుంటే బ్యాలెన్స్‌ను ఊపే సన్నటి హెయిర్ స్ప్రింగు చుట్లు నూనెతో అంటుకున్నాయి, లేదా అయస్కాంతం పట్టింది. రెండోదైతే అయస్కాంతం తీసే చిన్న పరికరం మీద పెడితే క్షణాల్లో పోతుంది. అమ్మేవాడికి మాత్రం ఇవేవీ జబ్బులు కావు, "పాత వాచీ గట్లనే ఉంటది సార్."

"ఫుల్ సర్వీసింగు చేసినం" అన్న హామీకి మార్కెట్లో అర్థం, మిషనును విప్పకుండా పెట్రోలులో ముంచి తీశారని. పాత నూనె కడుక్కుపోతుంది, కొత్తది ఎవరూ వేయరు. కొన్ని వారాలు కుర్రాడిలా నడుస్తుంది. ఆ తర్వాత ఎండు ఇరుసులు అరగడం మొదలుపెడతాయి. అప్పటికి అమ్మినాయన నంబరు మారిపోతుంది.

అసలైన వాచీ లేదా అంటే ఉంది. హన్మకొండలోనో జనగామలోనో ఏదో బీరువాలో బ్యాంకు పాసుబుక్కుల కింద పడి ఉంటుంది. డయల్ అంచుల్లో పసుపెక్కి, అద్దం గీతలు పడి, బెల్టు ఎండి ముక్కలై ఉంటుంది. మూత తీస్తే లోపలి వైపు సూదితో గీకిన సన్నటి రాతలుంటాయి: ఒక తేదీ, పొడి అక్షరాలు, దాని కింద ఇంకో చేతిరాతలో ఇంకో తేదీ. ఎవరు ఎప్పుడు బాగు చేశారో మెకానిక్కులు తమ గుర్తుకు రాసుకున్నవి. ఏ తాత కథకూ లేని రుజువు అది. సేకరణదారుడు ఇటువంటిది దొరికితే ఒక్క నిమిషం అటూ ఇటూ తిప్పి చూసి, డయల్ మీద మచ్చలున్నాయని బేరం వంద రూపాయలకు దింపుతడు. కొన్నాక సక్కగ చౌరస్తాల మెకానిక్ డబ్బా దగ్గరికి పోయి, కొత్తదాని లెక్క చేసి ఇయ్యమంటడు. ఆ మెకానిక్ వృత్తి ధర్మం తెలిసినవాడు. డయల్‌ను చిమ్టాతో పట్టుకొని, తలెత్తకుండానే అడుగుతడు:

"పేరు జనతానే ఉంచాల్నా సార్, రోలెక్స్ రాయాల్నా?"